లెక్క కంటికి కనబడాలి

పప్పుశనగ నూర్పిళ్లు అయినాక ఏ ఊర్లో రైతునైనా "ఈసారి ఏం మిగిలింది?" అని అడిగి చూడండి. "ఏం మిగుల్తాది, అప్పు మిగిలింది" అంటాడు. ఎంత అప్పు, దేనివల్ల అప్పు అంటే మాత్రం చప్పున చెప్పలేడు. లెక్క రాయక కాదు. చానామంది రాస్తారు. ఎరువుల అంగడి బిల్లులు ఒక సంచిలో ఉంటాయి. కూలోళ్ల లెక్క క్యాలెండరు వెనకాల ఉంటుంది. చేబదుళ్ల లెక్క మనసులో ఉంటుంది. మూడూ ఒకచోట చేరవు. చేరినా రాసినాయనకు తప్ప ఇంట్లో ఇంకొకరికి అర్థం కావు.

లెక్క రాయడం గురించి ఈ పేజీల్లో ఇదివరకే చెప్పుకున్నాం. ఈ వారం రాసిన లెక్కను చూపించడం గురించి చెప్పుకుందాం. ఇంట్లో ఆడవాళ్లకు, చదువుకునే పిల్లలకు, సంఘంలో, బ్యాంకు మేనేజరు దగ్గర, రైతు ఉత్పత్తిదారుల కంపెనీ మీటింగులో ఎట్లా చూపించాలనేది సంగతి. చూపడంలో ఏముందిలే అనుకోకండి. ఇంకో బోరు వేయాలా వద్దా, ఇంకో మూడెకరాలు కౌలుకు పట్టాలా వద్దా అనే మాట చానాసార్లు అక్కడే తేలుతుంది.

గోడ మీద నీళ్ల లెక్క

దీనికి మంచి ఉదాహరణ మన కర్నూలు, కడప జిల్లాల్లోనే ఉంది. 2003 తర్వాత ఐదారేళ్లపాటు ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఏడు జిల్లాల్లో రైతులే భూగర్భజలాలను చూసుకునే పథకం ఒకటి నడిచింది. ఏపీఎఫ్ఏఎంజీఎస్ అనేవాళ్లు. కర్నూలు, కడపతోపాటు అనంతపురం, చిత్తూరు, ప్రకాశం, మహబూబ్‌నగర్, నల్గొండ అందులో ఉన్నాయి. నెదర్లాండ్స్ ప్రభుత్వం డబ్బు ఇచ్చింది, ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ వెనక నిలబడింది. ఊర్లలో పని చేసింది స్వచ్ఛంద సంస్థలు. వాటిలో ముఖ్యమైన బర్డ్స్ సంస్థ నంద్యాలదే. (నంద్యాల అప్పట్లో కర్నూలు జిల్లాలోనే ఉండేది, 2022లో విడిపోయింది.) మొత్తం 638 పల్లెల్లో ఈ పని జరిగింది.

ఆ పథకంలో బోర్లకు సబ్సిడీ లేదు, వరి వేయొద్దని ఆజ్ఞ లేదు. రైతులే వానమాపకంలో వాన కొలిచేవాళ్లు. ఎంచుకున్న బోర్లలో పదిహేను రోజులకొకసారి నీళ్లు ఎంత లోతున ఉన్నాయో కొలిచేవాళ్లు. డ్రమ్ము పెట్టి, గడియారం చూసి బోరు ఎన్ని నీళ్లు పోస్తోందో లెక్క కట్టేవాళ్లు. ఆ అంకెలు ఏ ఆఫీసు ఫైల్లోకో పోయి పడుకోలేదు. ఊర్లో పదిమంది తిరిగేచోట బోర్డు మీదికి ఎక్కాయి. యాసంగి మొదట్లో ఒక వాగు పరిధిలో ఉండే ఊర్ల రైతులు కూర్చుని, భూమిలో నీళ్లు ఇన్ని ఉన్నాయి, మనం వేయాలనుకునే పైర్లకు ఇన్ని కావాలి, తక్కువ పడేది ఇంత అని చూసుకునేవాళ్లు. అదే నీటి బడ్జెట్టు. చూసినాక ఎవరి ఇష్టం వాళ్లది.

కొన్ని వాగుల కింద యాసంగిలో నీళ్లు తోడడం వరుసగా తగ్గింది. ఇంకొన్నిచోట్ల ఒక ఏడు తగ్గి ఒక ఏడు తగ్గలేదు. ప్రపంచబ్యాంకు 2010లో భూగర్భజలాల మీద వేసిన పుస్తకంలో మన రైతుల ఈ పని గురించి గొప్పగానే రాసింది. నాకు నచ్చింది ఆ మెచ్చుకోలు కాదు, ఆ బోర్డు. నీళ్లు కంటికి కనపడవు. పక్కవాడి బోరు ఎండితే తప్ప మన బోరు సంగతి మనకు తెలీదు. కనపడని ఆ వస్తువును పదిమంది ఎదుట పెట్టింది ఆ బోర్డే.

ఇక్కడ ఇంకో మెట్టు ఎక్కొచ్చు. ఎకరా పొలంలో ఒక మిల్లీమీటరు ఎత్తు నీళ్లు నిలబెడితే అవి సుమారు 4 వేల లీటర్లు. వరికి 1,200 మిల్లీమీటర్లు, శనక్కాయకు 500 మిల్లీమీటర్లు కావాలనుకుందాం. వరికి 48 లక్షల లీటర్లు, శనక్కాయకు 20 లక్షలు. ఈ అంకెలు వింటే ఎవరికైనా తల తిరుగుతుంది, ఏమీ అర్థం కాదు. ఎండాకాలం ఊర్లోకి వచ్చే 5 వేల లీటర్ల ట్యాంకరుతో చెప్పండి. ఎకరా వరికి దాదాపు 960 ట్యాంకర్లు. ఎకరా శనక్కాయకు 400. బిందె పట్టుకుని ట్యాంకరు కోసం వరుసలో నిలబడినామెకు ఈ మాట ఇంకోసారి చెప్పాల్సిన పనిలేదు. అంకెను మనిషికి తెలిసిన వస్తువుతో కొలిచి చూపడమంటే ఇదే.

పళ్లెంలో శనగ గింజలు

ఇక డబ్బు లెక్కకు వద్దాం. ఎకరా పప్పుశనగ, నల్లరేగడి, కౌలు పొలం అనుకోండి. కింద వేసే అంకెలు లెక్క సులభంగా ఉండాలని వేసినవి. మీవి మీరు వేసుకోండి. సేద్యానికి 3,000, విత్తనానికి 3,000, ఎరువుకు 2,000, మందులకు 2,500, కలుపుకు 1,500, కోత నూర్పిడికి 3,000, కౌలు 10,000. మొత్తం 25,000 రూపాయలు.

దీన్ని నోటుపుస్తకంలో నుంచి చదివి వినిపిస్తే ఇంట్లో ఎవరూ వినరు. ఒక పెద్ద పళ్లెమో చాపో తీసుకోండి. ఒక శనగ గింజ వెయ్యి రూపాయలు. అయిదొందలైతే పప్పు బద్ద పెట్టండి. ఒక్కో ఖర్చుకు ఒక్కో వరుస. వరుసలన్నీ ఒకే గీత దగ్గర మొదలుకావాలి. పెద్ద ఖర్చు పైన, చిన్నది కింద. కుప్పలు మాత్రం పోయొద్దు. పది గింజల కుప్పకూ ఏడు గింజల కుప్పకూ తేడా కంటికి సరిగా తెలీదు. వరుస పేరిస్తే పొడవే చెప్పేస్తుంది. కంప్యూటర్లో గీసే కమ్మీల బొమ్మ కూడా ఇదే, అంతకంటే వేరేమీ లేదు.

పేర్చినాక చూడండి. కౌలు వరుస పది గింజలు. మందుల వరుస రెండున్నర. ఇంట్లో తగాదా ఎప్పుడూ మందుల బిల్లు మీదే, ఎందుకంటే ఆ బిల్లు చేతికి కనిపిస్తుంది, మళ్లీమళ్లీ వస్తుంది. కౌలు ఏడాదికి ఒకసారి ఇచ్చి మర్చిపోతాం. పళ్లెం చూస్తే తగాదా పడాల్సింది ఎక్కడో తెలిసిపోతుంది.

ఇంటి మనుషుల కష్టానికి వేరే గింజ వాడండి, కందులో పెసలో. అది జేబులోనుంచి పోయే డబ్బు కాదు కాబట్టి శనగ గింజల్లో కలిపితే లెక్క గజిబిజి అవుతుంది. అట్లని పెట్టకుండా వదిలేస్తే ఇంటామె కలుపు తీసిన ముప్పై రోజులు గాలికి పోయినట్టే.

పల్లెల్లో ముగ్గుపిండితో, గింజలతో, పుల్లలతో లెక్క చూపే పద్ధతి కొత్తదేమీ కాదు. 1990 ప్రాంతంలో అభివృద్ధి పథకాల వాళ్లు ఊర్లకొచ్చి, నేలమీద ముగ్గులు వేయించి ఊరి పటాలు గీయించేవాళ్లు. పెద్దవయసు పాఠకులకు గుర్తుండే ఉంటుంది. పీఆర్ఏ అనేవాళ్లు. ఆ పద్ధతికి ప్రపంచమంతా పేరు తెచ్చిన రాబర్ట్ చాంబర్స్ 1989 నుంచి 1991 దాకా హైదరాబాదులోని అడ్మినిస్ట్రేటివ్ స్టాఫ్ కాలేజీలోనే ఉన్నాడు. కాగితం, పెన్ను ఉంటే చదువుకున్నోడే మాట్లాడతాడు. గింజ నేలమీద ఉంటే ఎవరైనా చెయ్యి చాచి "ఇక్కడ రెండు తక్కువ పెట్టినావు" అనొచ్చు. చూపిన లెక్కను ఎదుటివాడు దిద్దగలగాలి. ఈ గుణం ఏ కంప్యూటరు బొమ్మకూ రాలేదు.

సరాసరి చేసే మోసం

మన మెట్ట సేద్యానికి అన్నిటికంటే ముఖ్యమైన బొమ్మ ఇది. కొంచెం నిదానంగా చదవండి.

పైన చెప్పిన ఎకరాలో ధర క్వింటాలు 5,400 అనుకుందాం. కాలం బాగుంటే 8 క్వింటాళ్లు, ఒక మాదిరిగా ఉంటే 6, మంచు పడక, పదును లేక పోతే 3. రాబడి వరుసగా 43,200, 32,400, 16,200. మూడేళ్ల సరాసరి తీస్తే 30,600. ఖర్చు 25,000 పోతే ఏడాదికి 5,600 మిగులు. కాగితం మీద ఈ ఒక్క అంకె వేసి చూపితే ఎవరైనా "పర్వాలేదు, ఇంకో నాలుగెకరాలు పట్టు" అంటారు.

ఇప్పుడు దాన్నే గోడ మీద సుద్దముక్కతో గీయండి. మూడు నిలువు కమ్మీలు, ఒక్కో ఏడాదికి ఒకటి. 43 బెత్తెలు, 32 బెత్తెలు, 16 బెత్తెలు అనుకోండి, గోడ చాలకపోతే సగం చేసుకోండి. అడ్డంగా 25 దగ్గర ఎర్రగా ఒక గీత కొట్టండి. అది ఖర్చు గీత. రెండు కమ్మీలు గీత దాటి పైకి నిలబడతాయి. మూడోది గీతకు చానా కిందనే ఆగిపోతుంది. ఆ ఖాళీ 8,800 రూపాయలు. ఆ ఖాళీని ఎక్కడినుంచి తెచ్చి పూడుస్తారనేదే అసలు ప్రశ్న. నూటికి రెండు రూపాయల వడ్డీకి తెస్తే ఏడాదికి 2,112 వడ్డీయే. పైగా ఆ చెడ్డ ఏడు మొదటే వస్తే, మంచి ఏడు వచ్చేదాకా నిలబడే శక్తి ఉండాలి గదా. సరాసరి అంకెలో ఈ ఖాళీ ఉండదు, మంచి ఏడాది మిగులు దాన్ని కప్పేస్తుంది. మన ఇళ్లల్లో ఆ మిగులు చెడ్డ ఏడాది దాకా దాచి ఉంచితే కదా కప్పేది. పెళ్లికో ఆస్పత్రికో అయిపోయి ఉంటుంది.

ఇదే గీత ఇంకో పని కూడా చేస్తుంది. 25,000ను 5,400తో భాగిస్తే నాలుగున్నర క్వింటాళ్ల పైచిలుకు. ఆ దిగుబడి దాటితేనే పెట్టుబడి వెనక్కొస్తుంది. విత్తేముందే ఈ అంకె ఇంట్లో అందరికీ తెలిసి ఉంటే, సగం పైరులో ఎండినాక ఇంకో రెండు మందులు కొట్టాలా ఆపాలా అనేది దబాయింపు లేకుండా తేలుతుంది.

వర్షాధారం మీద బతికే చోట ఎవరైనా మీకు సరాసరి ఒక్కటే చూపిస్తే, ఏడాది వారీగా గీసి చూపమనండి. అధికారి అయినా సరే, కంపెనీ ఆయన అయినా సరే.

వడ్డీ సంగతి కూడా ఇట్లాగే. "నూటికి రెండు" అనే మాట చెవికి చిన్నగా వినిపిస్తుంది, "4 శాతం" పెద్దగా వినిపిస్తుంది. మొదటిది నెలకు, రెండోది ఏడాదికి. లక్ష రూపాయలకు ఏడాది లెక్క తీసి, వెయ్యికొక అగ్గిపుల్ల పేర్చండి. కిసాన్ క్రెడిట్ కార్డు మీద 3 లక్షల లోపు పంట రుణం 7 శాతం, గడువులోపల కడితే 3 శాతం రాయితీ పోయి 4 శాతం. అంటే నాలుగు పుల్లలు. ఊర్లో నూటికి రెండైతే ఇరవైనాలుగు పుల్లలు. నూటికి మూడైతే ముప్పైయారు, అగ్గిపెట్టె దాదాపు ఖాళీ అవుతుంది.

బ్యాంకుకు పోయేటప్పుడు ఇంకో బొమ్మ పట్టుకుపోండి. పన్నెండు గళ్లు గీసి నెలల పేర్లు రాయండి. డబ్బు పోయే నెల గడిలో ఎంత పోతుందో, వచ్చే నెలలో ఎంత వస్తుందో వేయండి. కౌలు ఎండాకాలంలోనే కట్టాలి, విత్తనం అక్టోబరులో, రాబడి ఫిబ్రవరి, మార్చిలో. వాయిదా ఏ నెలలో పెడితే కట్టగలరో ఆ కాగితమే చెప్తుంది.

మీటింగుల్లో స్లయిడ్లు

ఇప్పుడు మన దగ్గర రైతు ఉత్పత్తిదారుల కంపెనీలు చానా అయినాయి. కేంద్రం 2020లో పదివేల కంపెనీల పథకం పెట్టింది. వాటాధనానికి సమానంగా సభ్యుడికి 2,000 దాకా, కంపెనీకి 15 లక్షల దాకా గ్రాంటు ఇస్తుంది. రైతు భరోసా కేంద్రాలుగా 2020లో మొదలై ఇప్పుడు రైతు సేవా కేంద్రాలు అయినవాటిలో టీవీలు పెట్టినారు. తెర మీద లెక్క చూపడం పల్లెదాకా వచ్చింది. అయితే చూపేది ఎట్లా ఉంటుందో మీకూ తెలుసు. ఆడిటరు తయారుచేసిన ఆస్తి అప్పుల పట్టీని అట్లే ఫొటో తీసి తెర మీద వేస్తారు. నలభై వరుసలు, చీమల్లాంటి అంకెలు, పైసలతో సహా. ఒకాయన గబగబా చదువుతాడు. అందరూ చేతులెత్తుతారు, భోజనాలకు లేస్తారు. వాటా కట్టిన మనిషికి తన డబ్బు ఏమైందో తెలీకుండానే ఏడాది గడిచిపోతుంది. ఇది చిన్న సంగతి కాదు. రేపు కంపెనీ మూతపడితే, "అందరూ ఒప్పుకున్నారు" అనే తీర్మానం మాత్రం పుస్తకంలో ఉంటుంది.

డైరెక్టర్లుగా ఉన్న రైతులు ఈ మాట వినండి. ఒక స్లయిడుకు ఒకే మాట. ఆ మాటనే పైన తలకట్టుగా రాయండి. "2024-25 ఆదాయ వ్యయాలు" అని రాస్తే ఎవరికీ ఏమీ తెలియదు. "ఎరువుల అమ్మకంలో మిగిలింది, గోదాము అద్దెలో పోయింది" అని రాస్తే కింద బొమ్మ చూడకముందే సంగతి తెలుస్తుంది, అది నిజమో కాదో బొమ్మలో చూసుకుంటారు. 4,83,617 రూపాయల 50 పైసలని రాయొద్దు, 4 లక్షల 84 వేలు చాలు. పైసలు ఆడిటు కాగితంలో ఉంటాయి. ఒకచోట లక్షల్లో, పక్కనే వేలల్లో వేయొద్దు. ఈ ఏటి కమ్మీ పక్కన పోయిన ఏటి కమ్మీ తప్పకుండా ఉండాలి, లేకపోతే ఎక్కువో తక్కువో దేనితో పోల్చాలి? గుండ్రటి చక్రాన్ని తొమ్మిది ముక్కలు చేసి తొమ్మిది రంగులు వేసేది ఒక జబ్బు. రెండు మూడు ముక్కలైతే చక్రం పర్వాలేదు, ఆపైన కమ్మీలే మేలు. కర్నూలు మార్కెట్లో ఉల్లి ధర నెలనెలా ఎట్లా పోయిందో చూపాలంటే గీత గీయండి. కాలంతోపాటు మారేదానికి గీత, పక్కపక్కన పోల్చేదానికి కమ్మీ. ఈ రెండూ ఇంగ్లాండులో విలియం ప్లేఫెయిర్ అనే ఆయన 1786లోనే తన వ్యాపార లెక్కల పుస్తకంలో గీసినాడు, అప్పటినుంచి ఇంతకంటే తేలికైనది ఎవరూ కనిపెట్టలేదు.

షామియానా కింద పగలు ప్రొజెక్టరు వెలుగు ఆనదు. నల్ల తెర మీద పసుపు అక్షరాలు అందంగా ఉంటాయని వేస్తారు, ఏమీ కనపడవు. తెల్ల తెర, నల్ల అక్షరం. లాభం పచ్చ, నష్టం ఎరుపు అని రంగును ఒక్కదాన్నే నమ్ముకోవద్దు, కొందరికి ఆ రెంటికీ తేడా తెలీదు. పక్కన మాట కూడా రాయండి. మీటింగుకు ముందు రోజు చివరి కుర్చీలో కూర్చుని మీరే చదవండి.

చూసేవాళ్లు అడగాల్సింది

చూపేవాళ్ల సంగతి అయింది, చూసేవాళ్లకూ పని ఉంది. విత్తనాల కంపెనీల వాళ్లు పెట్టే మీటింగుల్లో నేను కూర్చున్నవి చానా ఉన్నాయి. ఒకచోట తెర మీద రెండు కమ్మీలు వేసినారు. పాత రకం పొట్టిగా, కొత్త రకం దానికి మూడింతలు ఎత్తుగా. కింద అంకెలు చూస్తే 9 క్వింటాళ్లు, 10 క్వింటాళ్లు. తేడా ఒక్క క్వింటాలు. కమ్మీలను సున్నా నుంచి కాకుండా ఎనిమిదిన్నర నుంచి మొదలుపెట్టినారు. అప్పుడు పాతది అర అయింది, కొత్తది ఒకటిన్నర అయింది, మూడింతలు! అంకె అబద్ధం కాదు, బొమ్మ అబద్ధం. కమ్మీ ఎక్కడ మొదలైందో చూడకుండా ఎత్తు నమ్మొద్దు. ఆ దిగుబడి ఎన్ని ఎకరాల మీద వచ్చింది, నీళ్లు పెట్టినారా, ఏ ఏడు అనే మూడు ప్రశ్నలు కూడా వేయండి.

మద్దతు ధర బొమ్మకు కూడా ఇట్లాంటి ప్రశ్నే ఉంది. 2025-26 ఖరీఫ్‌కు శనక్కాయ మద్దతు ధర క్వింటాలు 7,263 రూపాయలు. ఉత్పత్తి ఖర్చు 4,842 అని, దానికి ఒకటిన్నర రెట్లు ఇచ్చామని కేంద్రం లెక్క. రెండు కమ్మీలు పక్కపక్కన వేస్తే చక్కగా కనిపిస్తుంది. లెక్క తప్పు కాదు. అయితే ఆ ఖర్చు కమ్మీలో చేతినుంచి పెట్టినవి, కట్టిన కౌలు, ఇంటి మనుషుల కూలి ఉన్నాయి. సొంత భూమికి రావాల్సిన అద్దె, సొంత పెట్టుబడి మీద వడ్డీ లేవు. అవి కలిపిన లెక్కను సీ2 అంటారు, రైతు సంఘాలు అడిగేది దాని మీద ఒకటిన్నర రెట్లు. ఇంకోటి, అది దేశమంతటి సరాసరి. మన పప్పుశనగ ఊహ లెక్కకే రండి: 25,000 ఖర్చుకు 6 క్వింటాళ్లు పండితే క్వింటాలు ఖర్చు 4,167. అదే చేనులో 3 పండితే 8,333. చేను మారలేదు, రైతు మారలేదు, వాన మారింది. ఏ కమ్మీ మనది అని అడిగి తెలుసుకోవాల్సింది మనమే.

మళ్లీ కంపెనీ మీటింగు విషయం ఒకటి మిగిలింది. మధ్యలో కరెంటు పోతుంది, అది అందరికీ తెలిసిందే. ముఖ్యమైన మూడు నాలుగు బొమ్మలు పెద్ద చార్టుల మీద స్కెచ్చుపెన్నుతో గీసి పెట్టుకోండి. మీటింగు అయినాక వాటిని చుట్టి బీరువాలో పెట్టొద్దు. ఆఫీసు బయట గోడకు అంటించండి, కోతలకు పోయి రాలేకపోయినోళ్లు సాయంత్రం వచ్చి చూసుకుంటారు.